ఒట్టి కోడి

“ఓ కోడీ! ఒట్టి కోడీ! నిన్నే, ఇటు చూడు!”

సంతలో ఎవరో గట్టిగా పిలుస్తున్నారు. అడవికోడి విన్నది గానీ తల తిప్పలేదు. ఒట్టి కోడి అట, ఎవరో పాపం అనుకుంది. ఆనపకాయ బుర్రలో అంబలి కలుపుతూ తన పని తను చూసుకుంటోంది.

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డున, జంతువులన్నీ కలిసి సంత పెట్టుకునేవి పిల్లలూ. ఇది ఆ సంతలో జరిగిన సంగతి. ఎంత అందమైన చోటో అది! వాగు మీద పొగమంచు ఇంకా విడిపోదు. ఇప్పపూలు చెట్టు మీంచి టపటపా రాలుతుంటాయి. నేలంతా తేనె చిందినట్టు వాసన. ఆ వాసనలో కేకలు మొదలయ్యేవి. ఆ సంతలో ఏ కొట్టుకీ బోర్డు లేదు. రాసేవాళ్ళూ లేరు, చదివేవాళ్ళూ లేరు. కొట్టుకి పేరంటే కేకే. ఎవరి కేక వాళ్ళది. కేక విని వచ్చేవాళ్ళు, కొనుక్కుని పోయేవాళ్ళు.

అడవికోడి కేక అందరికీ ఇష్టం. “అడవి అంబలండీ, అడవి అంబలి! తాగిపోతే మళ్ళీ మీరే వస్తారండీ!” అని మెడ చాచి అరిచేది. కొండవాలులో చోళ్ళు, అదే రాగులు, ఏరుకొచ్చి, ఎండకి కాగిన బండల మధ్య మగ్గబెట్టి చేసిన అంబలి అది. అడవికోడికి మగతోడు లేదు. ఆ అంబలితోనే పిల్లల్ని సాకుతోంది.

“చెవుడా నీకు? ఒట్టి కోడీ అని గొంతు చించుకుంటున్నా!”

ఈసారి తిరిగి చూసింది. ఎదురుగా కొంగ. తెల్లగా, శుభ్రంగా, ఒంటికాలి మీద నిలబడి ఉంది. కళ్ళు సగం మూసుకుంటే ఏ మునో తపస్సు చేస్తున్నాడని దణ్ణం పెట్టాలనిపిస్తుంది. కడుపులో మాత్రం అన్నీ చేపలే. ఆ సంతలో ఎవరికి తగువు వచ్చినా వకీలు అదే.

“నన్నా పిలిచింది, కొంగన్నా? నేను ఒట్టి కోడినేమిటి? అడవికోడిని కదా!”

“ఉష్! ఆ మాట అనకు.”

“ఏ మాట?”

“అదే. చెట్లూ పుట్టలూ ఉండేది. మనమంతా ఉండేది.”

“అడవా?”

“ఉష్ అన్నానా!” కొంగ ముక్కు పైకెత్తింది. “ఆ మాట ఇప్పుడు ఎలుగుబంటి గారిది. ఆయన ‘అడవి తేనె’ అని కొట్టు పెట్టారు కదా. ఆ మాట మీద పేరుముద్ర అడిగారు. వచ్చే సంతలో ఏనుగు తాత ముద్ర వేసేస్తాడు. నువ్వు అడవి అంబలి అని అరవకూడదు. అరిస్తే సంతలోంచి లేపేస్తారు. ఇక నీ సొంత పేరంటావా, అందులోనూ ఆయన మాట ఉంది. అది తీసేసి, మిగిలింది నువ్వు ఉంచుకో.”

అంబలి తాగుతున్న కుందేలుకి పొలమారింది. “మిగిలింది ఉంచుకోవాలా! వకీలు గారూ, మీరెంత దయామయులండీ! మరి నేనుండే చోటుని ఇకమీద ఏమనాలి? ‘ఎలుగుబంటి గారి పెరడు’ అనాలా?”

“నువ్వు తాగు, లేకపోతే పో,” అంది కొంగ. “నీకు కొట్టు లేదు. నీతో నాకు పని లేదు.”

అడవికోడి మెడ మీద ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. “నేను గుడ్డులో ఉన్నప్పుడే మా అమ్మ నన్ను ఆ పేరుతో పిలిచింది. అది ఎలుగుబంటిదెలా అవుతుంది?”

“అడ్డు చెప్పాలంటే వచ్చే సంతలో వాగు ఒడ్డున నిలబడి చెప్పుకో. అందాకా నువ్వు ఒట్టి కోడివే.” అలా అని కొంగ మెల్లగా, కాలు తడవకుండా అడుగులు వేసుకుంటూ పోయింది.

నాకైతే ఆ కొంగ మెడ పట్టుకుని ముడి వేసేయాలనిపిస్తుంది పిల్లలూ. కానీ ఆగండి. మన అడవికోడి గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే కథ అబద్ధమైపోతుంది.

అసలు ఆ పేరుముద్ర అనేది మంచికే పుట్టింది. ఒకప్పుడు ఉడుత ‘ఉడుత నూనె’ అని అమ్మేది. మంచి నూనె. ఒక కోతి బురదనీళ్ళలో నాలుగు గింజలు వేసి, ‘ఉడుత నూనె’ అనే కేకతోనే అమ్మేసింది. అది రాసుకుని లేళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు. తిట్లు మాత్రం ఉడుత తిన్నది. అప్పుడు ఏనుగు తాత కట్టుబాటు పెట్టాడు. “ఎవరి పేరు వాళ్ళది. పేరు కావాలనుకున్నవాడు ముగ్గురు సాక్షుల్ని తేవాలి. అడిగిన మరుసటి సంతలో సాక్షులు వాగునీళ్ళలో నిలబడి, ‘ఈ మాట నేను మొదట వీడి కొట్టు దగ్గరే విన్నాను’ అని చెప్పాలి. అప్పుడు ఎవరూ కాదని రుజువు చెయ్యకపోతే, ముద్రల బండ మీద ఎర్రమట్టితో ముద్ర వేస్తాను” అన్నాడు. ఉడుత పేరు ఉడుతకి దక్కింది. అందరూ సంతోషించారు.

ఎలుగుబంటి కూడా ‘ఎలుగు తేనె’ అని ముద్ర వేయించుకుని ఉంటే ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. కానీ దాని కన్ను తన పేరు మీద లేదు. అందరూ వాడే మాటల మీద ఉంది. చెట్టు నాటనక్కర్లేదు, నీళ్ళు పొయ్యనక్కర్లేదు, ఊరికే కంచె కట్టేస్తే చాలు, పళ్ళన్నీ తనవే అనుకుంది.

ముందు ‘తీపి’ అనే మాట మీద పడింది. సంతలో చీమలు ఇప్పపూలు దంచి ‘తీపి ఉండలు’ చేసి అమ్మేవి. ఎలుగుబంటి తన తేనెకి ‘తీపి’ అని పేరు పెట్టి, ఆ మాట నాదే అంది. ముగ్గురు సాక్షులు కావాలి కదా. కోతిని తెచ్చింది. అడవిపందిని తెచ్చింది. మూడో సాక్షి ఎవరో తెలుసా?

మన అడవికోడే.

అప్పట్లో అడవికోడికి సంత చివర, ముళ్ళకంపల పక్కన చోటు ఉండేది. అక్కడికి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఒకరోజు ఎలుగుబంటి వచ్చి, “ఎందుకమ్మా ఇక్కడ అవస్థ? రేవు దగ్గర నీడలో నా చోటు ఒకటి ఖాళీగా ఉంది. తీసుకో. ఒక్క మాట సాయం చెయ్యి, అంతే” అంది.

“చీమలు ఎప్పట్నుంచో తీపి ఉండలంటూనే ఉన్నాయి కదా మామా?” అంది అడవికోడి.

“చీమ గొంతు ఎవరికి వినపడుతుందే? నువ్వు విన్నావా ఎప్పుడైనా, నిజం చెప్పు!” అని ఎలుగుబంటి నవ్వింది.

అడవికోడి విన్నది. ప్రతి సంతలోనూ విన్నది. కానీ తన పిల్లలు ముళ్ళకంపల్లో కాళ్ళు గీరుకుంటున్నాయి. రేవు దగ్గర నీడ చల్లగా ఉంటుంది. ఒక్క మాటే కదా అనుకుంది. వాగులో కాలు పెట్టింది. “తీపి అనే మాట నేను మొదట ఎలుగుబంటి కొట్టు దగ్గరే విన్నాను” అని చెప్పేసింది. ఆ రోజు వాగునీళ్ళు ఎంత తేటగా పారుతున్నాయో! కింద గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనపడుతున్నాయి. అంత తేటనీళ్ళలో నిలబడి అంత అబద్ధం ఎలా చెప్పిందో!

చీమలు ఆ తర్వాత “ఉండలండీ, ఉండలు” అని మాత్రమే అరవాల్సి వచ్చింది. “ఏం ఉండలే? పేడ ఉండలా?” అని కోతి ఎగతాళి చేసేది. ఎవరూ కొనలేదు. చీమలు సంత మానేశాయి.

తర్వాత ‘చల్లన’ అనే మాట పోయింది. తాబేలు బుర్రల్ని ఇసకలో పాతిపెట్టి ‘చల్లని నీళ్ళు’ అమ్మేది. ఇప్పుడు “నీళ్ళండీ నీళ్ళు” అంటోంది. “నీళ్ళు వాగులో లేవా తాబేలు బాబాయ్?” అంటున్నారు అందరూ. అప్పుడు అడవికోడి సాక్ష్యం చెప్పలేదు. అటు చూడలేదు కూడా. అంబలి కలుపుకుంటూ కూర్చుంది.

ఇప్పుడు మూడో మాట. ఇప్పుడు మంట తన ఈకలకి అంటుకుంది.

ఆ సాయంత్రం అడవికోడి తన పిల్లల దగ్గరికి పోయేసరికి అవి ఆడుకుంటున్నాయి. “నువ్వు ఒట్టి!” “కాదు, నువ్వే ఒట్టి!” అని ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. సంతలో మాట అప్పుడే గూటికి చేరిపోయింది. అడవికోడి ఇంకక్కడ ఆగలేదు. అటే తిన్నగా ఎలుగుబంటి కొట్టుకి పోయింది.

ఎలుగుబంటి మూతి నిండా తేనె పూసుకుని పడుకుని ఉంది. “రా అమ్మా కోడీ, రా. నాకు కావలసినదానివి నువ్వు.”

“కావలసినదాన్నైతే నా పేరెందుకు పీకావు మామా?”

“కోపం తెచ్చుకోకు. నేను ఎంత కష్టపడి పేరు తెచ్చుకున్నానో నీకు తెలుసు. రేపు ఎవడో ‘అడవి’ అని చెప్పి పాచిపోయిన సరుకు అమ్ముతాడు. చెడ్డపేరు ఎవరికి? నాకే కదా.”

“నా అంబలి పాచిపోయిందా ఎప్పుడైనా?”

“పోలేదు. అందుకే నీకు మంచి సలహా చెబుతున్నా. ‘పల్లె అంబలి’ అని పెట్టుకో. వినడానికి ఎంత బాగుందో చూడు!”

“నేను పల్లెలో పుట్టలేదు! పల్లె నేను చూడలేదు! పల్లెకి పోతే నన్ను కోసుకు తింటారు!” అని అడవికోడి గట్టిగా అరిచింది. “నువ్వు ఈ చెట్లు మొలిపించావా? ఈ వాగు తవ్వావా? ఆ తేనె అయినా నువ్వు చేశావా? తేనెటీగలు చేసుకుంటే ఎత్తుకొచ్చావు. ఇప్పుడు మాటలు కూడా ఎత్తుకుపోతున్నావు!”

ఎలుగుబంటి మూతి నాక్కుంది. “మొదటి మాట ఎత్తుకుపోయినప్పుడు, నిచ్చెన పట్టుకుంది ఎవరే?” అంది మెల్లగా.

అడవికోడి తిరిగి వచ్చేసింది. దారంతా గడ్డిని కాళ్ళతో గీరి గీరి చిమ్ముతూ వచ్చింది. కోపం ఎవరి మీదో దానికే తెలియలేదు.

మర్నాడు అడవిదున్న దగ్గరికి పోయింది. కొండలాంటి దున్న, కత్తుల్లాంటి కొమ్ములు. అది పక్కన నిలబడితే చాలు, ఎలుగుబంటి వణుకుతుంది అనుకుంది.

“దున్నన్నా, నీ పేరు కూడా పోతోంది. ఒట్టి దున్నవి అయిపోతావు. వచ్చి వాగులో నిలబడు.”

దున్న తీరిగ్గా మేత నెమరు వేసింది. “నన్ను ఎవరు ఏ పేరుతో పిలిచినా నేను పలకను కదా చెల్లెమ్మా. పేరు ఉంటే ఏం, పోతే ఏం? గడ్డికి పేరు అడిగి తింటానా?”

పక్కనే అడవిపంది నేల తవ్వుతోంది. అడవికోడి దాని ముందుకి పోయింది. “ఒరే తమ్ముడూ, నువ్వన్నా చెప్పరా!”

“ఎలా చెప్తానక్కా? ఈసారి కూడా సాక్షిని నేనే. దుంపల బుట్ట ఇస్తానంది ఎలుగుమామ.”

“నీ పేరే అడవిపంది కదరా! నీ పేరులో ఉన్న మాట మొదట ఎలుగుబంటి దగ్గర విన్నానని చెప్తావా? సిగ్గు లేదురా!”

“పంది అన్నా సరిపోతుందక్కా. సిగ్గుకేం, దుంపలు తింటే అదే పోతుంది. అయినా అప్పుడు మనిద్దరం పక్కపక్కనే నిలబడి చెప్పాం కదా. నువ్వు నాకంటే ముందే చెప్పావు. నీ గొంతే గట్టిగా వినపడింది.” పంది మళ్ళీ మూతి మట్టిలో పెట్టేసింది. అందులో వెక్కిరింత ఏమీ లేదు. ఉన్న మాటే చెప్పింది. అందుకే అడవికోడికి మరీ మండిపోయింది.

ఇంకెవరున్నారు? చివరికి అడవికోడి చీమల పుట్ట దగ్గరికి పోయింది. ఎండిపోయిన ఇప్పపూల గుట్ట ఒకటి పుట్ట పక్కన అలాగే పడి ఉంది. అమ్మడానికి చేసుకున్న ఉండలు బూజు పట్టి ఉన్నాయి. చీమలమ్మ బయటికి వచ్చింది. గింజంత ఒళ్ళు. కళ్ళు మాత్రం నిప్పురవ్వలు.

“చీమలమ్మా, ఎలుగుబంటి నా పేరు లాక్కుంటోంది. మీరంతా లక్షలమంది ఉంటారు. మీరొచ్చి నా పక్కన నిలబడితే...”

“ఎందుకు నిలబడాలి?”

“అన్యాయం కదమ్మా! అడవి అనే మాట అందరిదీ కదా!”

“తీపి ఎవరిదమ్మా? నీదా?” అంది చీమలమ్మ. “నీ పేరు పోతే అన్యాయం. మా కేక పోతే ఒక్క మాటే కదా. అంతేనా?”

అడవికోడి తల దించుకుంది. “పిల్లలు ముళ్ళల్లో ఉన్నాయమ్మా. చోటు కోసం...”

“మాకూ పిల్లలున్నారు. మా పిల్లలు కిందటి వానల్లో ఆకలికి చచ్చిపోయారు. ఉండలు అమ్ముడుపోతే గింజలు వచ్చేవి. రాలేదు.” చీమలమ్మ గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది. “నువ్వు మా కేక ప్రతి సంతలోనూ విన్నావు. నీ అంబలిలోకి మా ఉండ ఒకటి ప్రతిసారీ కొనుక్కుపోయేదానివి. ‘తీపి ఉండ ఇవ్వు చీమలమ్మా’ అని నోరారా అడిగేదానివి. ఎలుగుబంటి అబద్ధం ఆడిందంటే దాని బుద్ధే అంత. నీకేమయిందే? పో. మా పుట్ట మీద నీ నీడ పడనీయకు.”

ఆ మాట దెబ్బ ఎలాంటిదంటే, పిల్లలూ, గద్ద వచ్చి తన్నినా అడవికోడికి అంత నొప్పి పుట్టేది కాదు. ఎవరి మీద కోపగించుకోవాలి? చీమలమ్మ చెప్పిందంతా నిజం. కొంగ మీద కోపం, ఎలుగుబంటి మీద కోపం, పంది మీద కోపం, అన్నీ తిరిగి తిరిగి తన గూటికే వచ్చి వాలాయి.

సంత రోజు వచ్చింది. వాగు ఒడ్డు నిండిపోయింది. ఏనుగు తాత ముద్రల బండ పక్కన నిలబడ్డాడు. తొండానికి ఎర్రమట్టి పూసుకుని సిద్ధంగా ఉన్నాడు.

ముందు సాక్షులు. కోతి నీళ్ళలో దిగి, ఒళ్ళు గోక్కుంటూ, “అడవి అనే మాట నేను మొదట ఎలుగుబంటి కొట్టు దగ్గరే విన్నాను” అంది. నక్క కూడా అలాగే చెప్పింది. తర్వాత అడవిపంది దిగింది. అది నోరు తెరవగానే ఒడ్డున నవ్వులు.

“నీ పేరేమిటిరా?” అని కుందేలు అరిచింది.

“పంది,” అంది పంది.

“పూర్తి పేరు చెప్పరా!”

“పంది. చిన్నప్పట్నుంచీ పంది అనే పిలిచేవారు.” అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. కానీ నవ్వితే ఏం లాభం? కట్టుబాటు ప్రకారం సాక్ష్యం సాక్ష్యమే.

“అడ్డు చెప్పేవాళ్ళున్నారా?” అన్నాడు ఏనుగు తాత.

“నేనున్నాను!” అడవికోడి రెక్కలు విదిలించుకుంటూ ముందుకొచ్చింది. “తాతా, ఇదెక్కడి న్యాయం? మన ముత్తాతలు పుట్టకముందు నుంచీ ఆ మాట ఉంది. ఇక్కడ నిలబడ్డ ఒక్కొక్కరినీ అడుగు. నువ్వు ఎక్కడ పుట్టావంటే ఏం చెప్తారు? దారి తప్పిన లేడిపిల్ల తన ఇంటికి దారి ఏమని అడుగుతుంది? ఉడుత పేరు ఉడుతకివ్వు, ఎలుగు పేరు ఎలుగుకివ్వు, ఎవరు వద్దన్నారు? ఇది పేరు కాదు తాతా. ఇది మనమంతా పీల్చే గాలి. గాలికి ముద్ర వేస్తావా?”

ఒడ్డంతా “అవును, అవును!” అని హోరెత్తింది.

కొంగ గొంతు సవరించుకుంది. “బాగా చెప్పింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ తాతగారూ, సాక్ష్యం కావాలి, పాట కాదు. ఇదే కోడి, ఇదే వాగులో, ఇదే మా ఎలుగుబంటి గారి వైపు నిలబడి, ‘తీపి’ ఆయనదేనంది. తీపి ఒకరిదైతే అడవి ఒకరిది కాకూడదా? అప్పుడు న్యాయమైంది ఇప్పుడు అన్యాయం ఎలా అయింది?”

అందరూ అడవికోడి వైపు తిరిగారు.

ఏనుగు తాత తొండం దించాడు. “కొంగ చెప్పింది కట్టుబాటే. ముగ్గురు అవునన్నారు. కాదనడానికి మాట కాదు, రుజువు కావాలి. కట్టుబాటులో ఇంకొక్క దారి ఉంది. ఎలుగుబంటి కోసం ఈ నీళ్ళలో ఎప్పుడైనా అబద్ధం చెప్పినవాళ్ళు ఎవరైనా, ఈ నీళ్ళలోనే నిలబడి ఒప్పుకోవాలి. అప్పుడు ఎలుగుబంటి వేయించుకున్న ముద్రలన్నీ కడిగేస్తాను. ఇకముందు దానికి ముద్ర ఉండదు. కానీ ఒప్పుకున్నవాళ్ళకి కూడా శిక్ష తప్పదు. వచ్చే ఏడాది మళ్ళీ ఇప్పపూలు రాలే దాకా సంతలో వాళ్ళకి చోటు లేదు. ఉన్నారా ఎవరైనా?”

కోతి చెట్టు మీదికి చూసింది. నక్క తోక నాక్కుంది. పంది నీళ్ళలోకి చూసింది.

ఎలుగుబంటి మెల్లగా వచ్చి అడవికోడి పక్కన నిలబడింది. చెవి దగ్గర మూతి పెట్టింది. తేనె వాసన గుప్పుమంది. “తొందరపడకు. నీకు మాత్రం వదిలేస్తాలే. అడవి అంబలి అని నువ్వు అరుచుకో. నీ పిల్లల్ని అడవికోళ్ళు అనే పిలుచుకో. నీ ఒక్కదానికే. రేవు దగ్గర చోటు కూడా నీదే. నోరు మాత్రం మూసుకో, అంతే. ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసుగా? మళ్ళీ ముళ్ళకంపలు కూడా ఉండవు నీకు.”

ఒక్క క్షణం అడవికోడికి అంతా కనపడింది. నీడ, రేవు, బుర్రల నిండా అంబలి, పిల్లలు కడుపు నిండి నిద్రపోతున్నట్టు. ఎంత బాగుంది! తన పేరు తనకి ఉంటుంది. కానీ ఎలుగుబంటి ఇచ్చిన పేరుగా ఉంటుంది. రోజూ పొద్దున్నే ఎలుగుబంటి సరేనంటేనే తన పేరు తను పలుక్కోవాలి.

అటు చూస్తే, ఇసక మీద ఒక సన్నటి నల్లగీత. చీమలు. అడవికోడికి తోడుగా రాలేదు అవి. దూరంగా, వరసగా ఆగి చూస్తున్నాయి.

“అవతలకి జరుగు,” అంది అడవికోడి.

“ఏమన్నావ్?”

“నీ నోరు నా చెవి దగ్గర్నుంచి తియ్యమన్నాను. ఆ రోజు కూడా ఇలాగే చెప్పావు. ఒక్క మాటే అన్నావు. ఒక్క మాటకే ఎంతమంది నోరు కట్టేశావో! నిన్ను నేను తిట్టను. నిన్ను తిట్టే నోరు నాకు లేదు. ఆ నోరు నీకెప్పుడో అమ్మేశాను. ఇవాళ తిరిగి తీసుకుంటున్నా.”

“కోడీ, ఆలోచించుకో!” అని కొంగ అరిచింది.

అడవికోడి వాగులోకి దిగింది. నీళ్ళు కాళ్ళకి జిల్లుమన్నాయి. ఒడ్డున తన పిల్లలు చూస్తున్నాయని తెలుసు. సంత అంతా చూస్తోందని తెలుసు. ఇంకెప్పుడూ రేవు దగ్గర నీడ తనకి ఉండదని తెలుసు. మెడ చాచింది. ఎన్నో పొద్దులు అంబలి అమ్మిన గొంతు అది, ఆ చివర చీమలదాకా వినపడే గొంతు.

“తాతా! అందరూ వినండి! చీమలమ్మా, నువ్వు విను! తీపి అనే మాట నేను ఎలుగుబంటి దగ్గర మొదట వినలేదు. చీమల దగ్గర విన్నాను. ప్రతి సంతలోనూ విన్నాను. వినీ వినలేదని చెప్పాను. నీడ కోసం చెప్పాను. ఈ నీళ్ళలోనే నిలబడి, ఈ నోటితోనే, నేను అబద్ధం చెప్పాను!”

నీతి: నీ పేరుకి నువ్వు కావలి కాసుకో, తప్పులేదు, పదిమంది నోట పుట్టిన మాటకి మాత్రం కంచె కట్టకు. పక్కవాడి నోరు కట్టడానికి తాడు అందించినవాడు, ఆ తాడు ఇంకో కొస తన మెడకే ఉందని ఆలస్యంగా తెలుసుకుంటాడు.